చల్లార్చే గుంట నీళ్లు

నూకయ్యకు అరవై దాటాయి. ఉప్పలగుప్తం అవతల, గ్యాసు పడక వదిలేసిన లోతు బోరు దగ్గర అతనికి పని. ఆ బోరులోంచి కాగుతూ వచ్చే నీటితో కరెంటు తీసి, మిగిలిన నీటిని గుంటలో చల్లార్చి, పక్క బోరులోంచి మళ్లీ భూమిలోకే పంపేస్తారు. గొట్టాలకు పట్టిన తెల్లటి గారను గీకడం అతని వంతు. ఎంత గీకినా మళ్లీ పట్టేది. సాయంత్రానికి రెక్కలు లేచేవి కావు.

వేసవికి కాలువలు కట్టేశారు. చెల్లెలు అమ్మాజీ పెరట్లో కొబ్బరి మొక్కల మడి ఎండిపోసాగింది. ఈ బోరుకు రోడ్డు వెయ్యడానికి కొట్టేసిన చెట్ల విత్తనమది. వాళ్లమ్మ నాటిన చెట్లు. ఆ కాయ ఇంకెక్కడా దొరకదు.

నీటి పరీక్షలు చేసే రాజోలు అమ్మాయి స్టెల్లా ఒకరోజు, గుంటలో బోరాన్ పెరిగిపోతోందంది.

"అంటే మన బోరాక్సేనాండి?"

"ఆయ్, ఆ జాతేనండి" అంది పని తొందరలో.

పిందె రాలకుండా చెట్టు మొదట్లో వేసే మందు! పైగా నీటికి మునుపటి కుళ్లిన గుడ్ల వాసన కూడా తగ్గింది. నీళ్లు బాగుపడ్డాయనుకుని నూకయ్య రోజూ సైకిలు మీద రెండు డబ్బాలు మోసి మడికి పోశాడు.

నెల తిరిగేసరికి ఆకుల కొసలు సెగ తగిలినట్టు మాడాయి. ఒక ఆకు తెచ్చి స్టెల్లాకు చూపించాడు.

"గుంట నీళ్లు పోసేరా బాబాయిగారూ? పైకి రాగానే కొంత ఆవిరైపోద్దండి. వాసనగ్యాసు దాంతోనే పోద్ది. ఉప్పులూ బోరానూ మాత్రం నీళ్లలోనే ఉండిపోతాయి. వాటినే లోపలికి తోసి మళ్లీ తోడుతున్నాం కదండీ, తిప్పుతిప్పుకీ చిక్కబడిపోతున్నాయి. చెట్టుకి చిటికెడు మందు గానీ, లేత మొక్కకి రోజూ పోస్తే విషవేనండి."

"బతుకుతాయాండి?"

"మొవ్వు, అదే నడిమి లేతాకు, పచ్చగా ఉన్నవి బతకొచ్చండి. మంచినీళ్లు దండిగా పోసి మట్టి కడగాలి."

అమ్మాజీకి చెప్పక తప్పలేదు. ఆమె మడి గట్టు మీద కూర్చుండిపోయింది.

"చెట్లు వాళ్లు కొట్టేసేరు. మొక్కలు నువ్వు చంపేవు. గొట్టాలు గీక్కునేవాడివి, నీకెందుకన్నయ్యా వైద్యం?"

నూకయ్య మర్నాడు పనికెళ్లకుండా, డబ్బాలతో మంచినీళ్ల కుళాయి దగ్గర నిలబడ్డాడు.

"మొక్కలకా! మాకు గొంతు తడుపుకోడానికే లేవండీ" అన్నారు ఆడవాళ్లు. అందరూ పట్టుకునేదాకా ఆగాడు. సన్నటి ధార. ఒక డబ్బా నిండింది.

మొవ్వు పచ్చగా ఉన్నవాటికే పోస్తుంటే అమ్మాజీ వచ్చి నిలబడింది.

"మిగతావాటిక్కూడా పొయ్యి."

"అవి పోయేయే."

"పొయ్యమన్నాను కదా."

డబ్బాలో చుక్క లేదు. నూకయ్య సైకిలు తిప్పి కుళాయి వైపు తోసుకుంటూ నడిచాడు. ఎక్కి తొక్కే ఓపిక లేదు.