లేపమని చెప్పిన డాక్టరమ్మ

మా డాక్టరమ్మ చనిపోయిందని మొన్న పొద్దున కరీంనగర్ ఆసుపత్రి నుంచి నర్సు సిస్టర్ ఫోన్ చేసింది. నేను బియ్యం కడుగుతున్నాను. "ఆఖరి దాక పిలిస్తే పలికిందక్కా. మేమందరం పక్కనే ఉన్నం" అంది. ఏడుపు వచ్చింది. దానితోపాటే మనసు తేలికపడింది. పిలిచేవాళ్ళు లేకుండా ఎవరూ పోకూడదని బతికినంతకాలం పాటుపడిన మనిషి ఆమె.

తలకు దెబ్బ తగిలిన వాళ్ళకు ఆమె వైద్యం చేసేది. ఆమె పరిశోధన కూడా దాని మీదే. నేను ఏడో తరగతి వరకే చదివాను, ఆమె రాసిన వాటి గురించి చెప్పలేను. మా ఇంటి సంగతి చెబుతాను.

మాది బొగ్గుగని వాళ్ళ సెంటినరీ కాలనీలో క్వార్టర్. నైట్ షిఫ్టు చేసి వచ్చిన మనిషిని లేపకూడదన్నది ఇక్కడ ప్రతి ఇంటి నియమం. మా ఆయన పడుకోగానే కిటికీకి దుప్పటి కట్టేదాన్ని. కుక్కర్ కూత వినపడకుండా పప్పు పక్క క్వార్టర్ అవ్వ ఇంట్లో వండుకొచ్చేదాన్ని.

నాలుగేళ్ళ కింద ఒక పొద్దున ఆయన తల తడుముకుంటూ వచ్చాడు. "చిన్న రాయి తగిలింది. టోపీ ఉండె, ఏం గాలే" అని నవ్వాడు. గనిలో ఎవరికీ చెప్పనేలేదట. అన్నం తిని పడుకున్నాడు. మధ్యాహ్నం మా పాప వచ్చి, "అమ్మా, బాపు గురక వేరే తీరుగ ఉంది" అంది. నేను మూతి మీద వేలు పెట్టి దాన్ని బయటికి పంపాను. నాలుగు గంటలకు చూస్తే దిండు మీద వాంతి. ఎంత ఊపినా ఆయన లేవలేదు.

కరీంనగర్‌లో ఆపరేషన్ చేసి పుర్రె కింద గడ్డకట్టిన రక్తం తీశారు. అక్కడే డాక్టరమ్మను మొదటిసారి చూశాను. రోగిని ముట్టే ముందు రెండు అరచేతులూ రుద్ది వెచ్చచేసుకునేది. స్పృహ లేని వాళ్ళకు కూడా చెప్పి చేసేది. "తమ్మీ, కంట్లకు టార్చి కొడుతున్న, కోపం చెయ్యకు" అనేది.

నోటుబుక్కు పట్టుకుని నన్ను అడిగింది: దెబ్బ ఎప్పుడు తగిలింది, ఎప్పటిదాకా మాట్లాడాడు, నీకెప్పుడు అనుమానం వచ్చింది? రెండు రోజులు తల వంచుకుని "తెల్వది" అన్నాను. మూడో రోజు నోట్లోంచి వచ్చేసింది. "నేనే లేపలే. పిల్ల చెప్పినా లేపలే."

ఆమె నోటుబుక్కు మూసింది. "మా నాయిన గూడ బొగ్గుబాయి మనిషే బిడ్డా. ఆయన పండుకుంటే మా అమ్మ మమ్ముల తుమ్మనియ్యకపోతుండె. దెబ్బ తగిలినోన్ని లేపి చూడాలని మీకెవరు చెప్పిండ్రు? మేం చెప్పాలె. చెప్పలే."

మత్తు మందు తగ్గించాక ఆమె ఆయన్ను పేరుపెట్టి పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు. "నువ్వు పిలువు" అంది నాతో. నాకు సిగ్గు. ఆయన పేరు నేను ఎన్నడూ పలకలేదు.

"పేరెవరు అడిగిండ్రు? ఇంట్ల ఎట్ల లేపుతవో గట్లనే లేపు."

మంచం దగ్గరికి వంగి మెల్లగా అన్నాను. "ఇగో, టిఫిన్ కట్టిన. బస్సు వస్తది, లెవ్వు."

కుడిచేయి కదిలింది. తువ్వాల కోసం మంచం పక్కన తడిమింది. తర్వాత కళ్ళు తెరిచాడు. డాక్టరమ్మ పకపకా నవ్వింది. "ఇయ్యాల డ్యూటీ లేదు తమ్మీ, సెలవు పెట్టినం" అని చెప్పి, చిన్న డాక్టర్ల వైపు తిరిగి "టైం రాసుకోండ్రి" అంది.

ఆ మరుసటి ఏడు ఆమె మా కాలనీకి వచ్చింది. ఆడవాళ్ళందరినీ అవ్వ వాకిట్లో కూర్చోబెట్టి, తలుపు చాటున నిలబడ్డ నన్ను పిలిచింది. "నేను చెప్తే పాఠమైతది. నువ్వు చెప్పు, యాదుంటది." పాప చెప్పిన గురక సంగతి, నేను లేపని సంగతి చెప్పాను. తర్వాత ఆమె అంది: "తలకు దెబ్బ తాకితే ముందుగాల దవాఖానకు రావాలె. ఇంటికి పంపినంక గూడ మధ్య మధ్యల లేపి చూడాలె. సోయిల ఉండి పలికితే మల్ల పండనియ్యుండ్రి. పలకకుంటే జల్ది తీసుకరాండ్రి."

"లేపితే మా ముసలోడు తిడ్తడు డాక్టరమ్మా!" అంది అవ్వ.

"తిట్టనియ్యి అవ్వా. మంచిగ కుదురుగ తిట్టిండంటే మెదడు పనిచేస్తున్నట్టే."

వాకిలంతా నవ్వులే. ఆ మాట తర్వాత మా క్వార్టర్ల వరుసలో ఇద్దరిని కాపాడింది.

మా ఆయన ఇప్పుడు గనిలోకి దిగడు, పైనే పని, దీపాలిచ్చే ల్యాంప్ రూములో. ఫోన్ వచ్చిన పొద్దున నైట్ షిఫ్టు నుంచి వచ్చి పడుకుని ఉన్నాడు. ఏ దెబ్బా లేదని తెలుసు. అయినా కడిగిన బియ్యం పొయ్యి మీద పెట్టకుండా గుమ్మం దగ్గరికి వెళ్ళి, "ఇగో" అన్నాను.

"ఏందే? ఇప్పుడే కన్నంటుకుంది. ఇంట్ల పండనియ్యవా మనిషిని?" అని గోడ వైపు తిరిగాడు.

ఆ తిట్టు పూర్తిగా విని, కిటికీకి కట్టిన దుప్పటి పక్కకు జరిగి వెలుగు పడుతుంటే మళ్ళీ సరిగ్గా లాగి కట్టాను.