షన్ ఖాందాన్, మెంట్ ఖాందాన్

నజీరుద్దీన్ సాబ్‌కు ఉన్నది ఒక్కటే జబ్బు. ఇంగ్లిషు మాట ఏదైనా ఒంటరిగా కనబడితే ఆయన ఓర్వలేడు. దాని తోక చూసి, అదే తోక ఉన్న ఇంకో మాటను ఎక్కడున్నా పట్టుకొచ్చి, రెంటినీ పక్కపక్కన కూర్చోబెట్టేదాకా తిన్నది అరగదు. మేక తప్పిపోయి, పోలీస్ స్టేషన్ ఎక్కడని పరుగున వచ్చి అడిగిన ఒక బేరగాడిని ఆయన అరుగు మీద కూర్చోబెట్టి 'రేషన్, పెన్షన్, కండిషన్, పొజిషన్' అంటూ మొదలుపెట్టాడట. ఆయన ముగించేలోగా మేక విసుగొచ్చి తనంత తానే తిరిగి వచ్చిందని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ జబ్బు ఆయన కోరి తెచ్చుకున్నది కాదు. నిజాం కాలంలో ఆయన ఉర్దూలో లెక్కలు చెప్పేవాడు, శుక్రవారం సాయంత్రాలు గజళ్లు చదివేవాడు. తర్వాత రాజ్యం మారింది, బడిలో భాష మారింది. తెలుగు చెప్పడానికి తెలుగు పంతుళ్లు దొరికారు. ఇంగ్లిషుకు మాత్రం చెన్నూరు బస్సు ఎక్కి ఆ ఊరిదాకా వచ్చేవాడు ఎవడూ దొరకలేదు. నజీరుద్దీన్ సాబ్‌కు తెలుగు రాయడం రాదు కాబట్టి ఇంగ్లిషు వచ్చే ఉంటుందని పైవాళ్లు తీర్మానించారు. సర్కారు తీర్మానాలకు అంతకన్న పెద్ద కారణాలు ఎప్పుడున్నాయి గనక? ఆయన దగ్గరున్న పనిముట్టు ఒక్కటే: కాఫియా. గజల్లో చరణం చివర ఒకదానికొకటి జవాబు చెప్పే మాటలను కాఫియా అంటారు. ఆయన ఆ పనిముట్టు పట్టుకునే ఇంగ్లిషు మీదికి పోయాడు.

పోయి, ఆ భాషను ఖాందాన్లుగా పంచిపెట్టాడు. కొత్తగా వచ్చిన ఏ పంతులుకైనా మొదటి రోజే ఈ వంశవృక్షం వినక తప్పేది కాదు.

"షన్ ఖాందాన్ బహుత్ పెద్దది. అండ్ల మంచోళ్లున్నరు, లంగదొంగలున్నరు. ఎలక్షన్ ముంగట వస్తది, ఎన్కనే కలెక్షన్ వస్తది. మెంట్ ఖాందానంత సర్కారీ నౌకర్లు. గవర్నమెంట్, డిపార్ట్‌మెంట్, అపాయింట్‌మెంట్. టీ ఖాందానోళ్లకు పేర్లే పెద్దగుంటయి. ఎలక్ట్రిసిటీ, మునిసిపాలిటీ, ప్రాస్పెరిటీ. మనూరికి ఒక్కరు గూడ ఇంకా రాలే. నెస్ ఖాందాన్ బీదోళ్లది. సిక్‌నెస్, వీక్‌నెస్, డార్క్‌నెస్. గీళ్లు మాత్రం పిలువకున్నా వచ్చి కూసుంటరు."

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ మూడో ఏడు వర్షాకాలంలో, ఆసిఫాబాద్ నుంచి వచ్చి ఉద్యోగంలో చేరిన సక్కుబాయి కూడా ఇదంతా నిలబడి విన్నది. ఆమెకు నవ్వు రాలేదు. వినేవాళ్లు తననూ ఏదైనా చెప్పమంటారేమోనన్న భయంలో ఉన్నదామె. ఎందుకంటే సక్కుబాయికి నత్తి.

మామూలు నత్తి కాదు. మగ్గం మీద దారం తెగినట్టు మాట తెగిపోయేది. తెగిన చోట ముడి వేయడానికి ఆమె తంటాలు పడుతుంటే ఎదుటివాళ్లు జాలిపడి తమకు తోచిన మాట అందించేవారు. ఆమె 'బ... బ...' అంటే బస్సా, బడా, బచ్చలికూరా అని వేలం పాడేవారు. వాళ్ల ఇంట్లో అందరూ నేతపనివాళ్లే. మెట్రిక్ దాకా వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. నౌకరీ కాయితం మీదనే వచ్చింది గనుక నత్తి సంగతి సర్కారుకు తెలియలేదు. కానీ నౌకరీ పర్మనెంట్ కావాలంటే ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆమె పాఠం చెబుతుండగా చెవులారా వినాలి. విన్నాడంటే ఆమె తిరిగి ఆసిఫాబాద్ వెళ్లి కండెలు చుట్టుకోవలసిందే.

అందుకని ఆమె ఒక ఉపాయం చేసింది. నోటితో చెప్పవలసినదంతా బోర్డు మీద రాసి పిల్లల చేత చదివించేది. సాగినన్నాళ్లు సాగింది. సాగనిది పక్క గది.

బడి నడిచేది గడిలో, కోటలాంటి దొర ఇంట్లో. దొర గడిలో సగం సర్కారుకు కిరాయికిచ్చాడు. ఒకప్పుడు వెట్టివాళ్లు చెప్పులు చేతపట్టుకుని, తల వంచుకుని నిలబడ్డ చావడిలో ఇప్పుడు వాళ్ల పిల్లలు కాళ్లు చాపుకుని కూర్చుంటున్నారు. ఆ చావడికి నడుమ ఒక వెదురు తడిక. అటు నజీరుద్దీన్ సాబ్ ఏడో తరగతి, ఇటు సక్కుబాయి ఆరో తరగతి. అటువైపు ఆయన ఒక మాట విసిరితే పిల్లలు దాని జోడీని చూరు ఎగిరిపోయేలా అరవాలి. ఒకసారి 'ఎవల్యూషన్' అని విసిరితే వాళ్లంతా 'రెవల్యూషన్' అని అరిచారు. గడిలో ఆ మాట అంత గట్టిగా ఎన్నడూ వినబడలేదు. దొర తన మనిషిని పంపి ఆ మాట మార్పించమన్నాడు. సాబ్ వెంటనే మార్చి 'లిటిగేషన్' పెట్టాడు. భూమి దావాల కోసం కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగిన దొర రెండో రోజే కబురంపాడు, దీనికన్న అదే నయమని.

ఇంత గోల పక్కన పెట్టుకుని ఎవరైనా పాఠం ఎలా చెబుతారు? సక్కుబాయి రాసేటప్పుడు సుద్దముక్క కూడా ఆ తాళానికే నడిచేది. ఒకరోజు ఆమె ఓపిక పూర్తిగా చచ్చిపోయి, తడిక వైపు తిరిగి, ఆ గోల మీదుగా తనకు వచ్చిన తిట్లలో ఒక మర్యాదైనదాన్ని ఏరి అరిచింది. తిట్టు పూర్తిగా వచ్చింది, ఎక్కడా తెగలేదు. కోపంలో ఆమె అది గమనించలేదు. నేరుగా వెళ్లి హెడ్మాస్టర్ కైలాసం సార్ ముందు నిలబడి, పలక మీద ఫిర్యాదు రాసి చూపించింది.

కైలాసం సార్ గొడవలంటే గిట్టని మనిషి. ముందు అరుగు పక్క గది ఖాళీగా ఉంది, గాలి వస్తుంది, అక్కడికి మారండని సాబ్‌ను బతిమిలాడాడు. సాబ్ ఒప్పుకోలేదు. గాలి వస్తే మాటలు ఎగిరిపోతాయన్నాడు. తడిక పక్కన చాలా ఉక్క కదా అంటే, ఉక్కలోనే కాఫియా పండుతుందన్నాడు. ముసలాయన మొండితనానికి సక్కుబాయి పళ్లు నూరుకుంది. పై వారం ఆయన పిల్లలు 'ఇరిగేషన్, కల్టివేషన్, ప్లాంటేషన్' అని అందుకున్నారు. ఆ మాటలు ఏడో తరగతి పుస్తకంలో లేవు. ఆరో తరగతి పుస్తకంలో ఉన్నాయి, అదీ ఆమె మర్నాడు చెప్పబోయే పాఠంలో. పిచ్చి ముదిరి పక్క తరగతి పుస్తకం మీద కూడా పడ్డాడనుకుందామె.

ఇన్‌స్పెక్టర్ రానే వచ్చాడు. కోస్తా నుంచి కొత్తగా బదిలీ అయినవాడు, తెల్లటి ప్యాంటు, చేతిలో గొడుగు. గొడవలకు ముందే మందు వేయాలనుకున్న కైలాసం సార్, శ్రమదానమని పేరు పెట్టి నజీరుద్దీన్ సాబ్‌నూ ఆయన సైన్యాన్నీ గడి వెనకాల గడ్డి పీకడానికి తోలేశాడు. చావడి నిశ్శబ్దమైపోయింది. దూలం మీద పావురాలు గుర్రుమనడం వినబడుతోంది.

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో సర్దుకుని బోర్డు మీద రాయడం వద్దని, చదివి చెప్పమని అన్నాడు. సక్కుబాయి పుస్తకం తెరిచింది. మొదటి వాక్యంలోనే 'ఇ... ఇ...' దగ్గర దారం తెగింది. ఆ నిశ్శబ్దంలో ఆమెకు తన నత్తి తప్ప ఇంకేదీ వినబడలేదు. ముడి వేయబోయింది, మళ్లీ తెగింది. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. కైలాసం సార్ ఆమెను చూడలేక పావురాలను చూశాడు. ఆరో తరగతి పిల్లలు, అన్ని రోజులూ ఆమెను వెక్కిరించినవాళ్లే, ఇప్పుడు బిత్తరపోయి తలలు వంచుకున్నారు.

అప్పుడు తడిక అవతల భూమి బద్దలైంది.

"ఇరిగేషన్!" అన్నది సాబ్ గొంతు.

"కల్టివేషన్!" అన్నారు చేతుల్లో గడ్డి కట్టలతో పరుగెత్తుకొచ్చిన పిల్లలంతా.

ఆ గోలలో సక్కుబాయికి తన గొంతు తనకే వినబడలేదు. వినబడకపోయేసరికి దానికి భయపడడం మరిచిపోయింది. ఇరిగేషన్ వచ్చింది, దాని చెయ్యి పట్టుకుని కల్టివేషన్ వచ్చింది, వెనక నడుస్తూ పాఠమంతా వచ్చింది. మగ్గంలో నాడె ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పోయినట్టు వాక్యాలు పోయాయి. గోలను మించి ఆమె అరుస్తుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. ఆమె పుస్తకం మూసిన మరుక్షణం అవతల గోల కూడా, దీపం ఆర్పినట్టు, ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ లేచాడు. "మొదట జంకారు గానీ, ఇంత గోలలో కూడా పిల్లల్ని కట్టిపడేశారమ్మా. గొంతంటే అలా ఉండాలి," అని సక్కుబాయిని మెచ్చుకుని, తడిక చుట్టూ తిరిగి అవతలికి వెళ్లాడు. "ఏమిటండీ ఇది? బడా, సంతా? మీరు నాకు ఎక్స్‌ప్లనేషన్ ఇవ్వాలి."

నజీరుద్దీన్ సాబ్ ముఖం వికసించింది. అంత పెద్ద మనిషి తనకు తానుగా ఒక కాఫియా అడగడం ఆయన నౌకరీలో అదే మొదలు. "ఎక్స్‌ప్లనేషన్‌కా సాబ్? ఎగ్జామినేషన్ నడుస్తది. హెజిటేషన్ గూడ నడుస్తది. జర మీరే చెప్పున్రి, ఏది గావాలె?"

కైలాసం సార్ పావురాలను వదిలి నేల వైపు చూశాడు.

పనులన్నీ నత్తనడకన చేసే సర్కారు ఈ ఒక్క పని మాత్రం చురుగ్గా చేసింది. సక్కుబాయి పర్మనెంట్ అయింది. సాబ్‌కు రావలసిన ఇంక్రిమెంట్ ఆగిపోయింది. పైగా, నజీరుద్దీన్ తన తరగతిలో మాటల జోడీలు పలికించరాదని పైనుంచి హుకుం కూడా వచ్చింది. తడిక అవతల మొదటిసారి మామూలు బడిలాగ చప్పుడు లేకుండా ఉంది. సక్కుబాయి ఒక రోజు ఓర్చుకుంది. రెండో రోజు ఓర్చుకోలేక సాయంత్రం ఆయన ఇంటికి పోయింది.

తలుపు తీసింది ఆయన భార్య కుబ్రా. బడిలో సాబ్ చేసే గోల గురించి సక్కుబాయి ఏదో అనబోతే కుబ్రా నమ్మలేదు. "గాయనా? ఇంట్ల ఉప్పు తక్కువైనా నోరు తెరువడు బేటీ. కొత్త పంతులమ్మ వచ్చిన కాన్నుంచి మాత్రం గొంతు పోతున్నదని మిరియాల కషాయం అడుగుతున్నడు," అన్నది.

లోపల సాబ్ దుప్పటి కప్పుకుని కషాయం తాగుతున్నాడు. సక్కుబాయి ఎదురుగా చాప మీద కూర్చుంది. పర్మనెంట్ అయినందుకు ఆయన ముబారక్ చెప్పాడు.

"కావాల్నని చేసిండ్రు గదా మీరు," అన్నది సక్కుబాయి.

"నేనా? నాదేమున్నది బేటీ. పోరగాండ్లకు గడ్డి పీకుడు మీద దిల్ లేకుండె," అని సాబ్ గ్లాసులోకి చూశాడు. "మెంట్ ఖాందాన్ మా ఇంటి దిక్కు ఎన్నడు రాలే. ఇంక్రిమెంట్ వస్తున్నదంటే కుబ్రా ఇల్లు గూడ అలికింది. తీరా చూస్తే దాని చుట్టం పనిష్‌మెంట్ వచ్చింది. అయినా ఇంటికొచ్చిన మెహమాన్ మెహమానే గదా."

సక్కుబాయి నవ్వలేదు. ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెబుతానన్నది. తన నౌకరీ ఏమైనా సరే అన్నది. "నెస్ ఖాందాన్‌ల ఒకటి మర్చిపోయిండ్రు సాబ్. నేను మీకు వి... వి..."

దారం తెగింది. ఊళ్లో ఎవరైనా అయితే ఈపాటికి విందు, విత్తనాలు, వియ్యంకుడు అని వేలం మొదలుపెట్టేవారు. ఒంటరి ఇంగ్లిషు మాట కనబడితే నిలువలేని నజీరుద్దీన్ సాబ్ మాత్రం గ్లాసు కింద పెట్టి, మాట అందించకుండా, తొందర పెట్టకుండా, బస్సు కోసం కూర్చున్నవాడిలా తీరికగా కూర్చున్నాడు.

"...విట్‌నెస్ ఉంట," అన్నది సక్కుబాయి.

"అరె వాహ్," అన్నాడాయన. మాట అందాన్ని ఒక్క క్షణం నాలుక మీద తిప్పుకున్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. "గది గా ఖాందాన్‌దే గాని, దాన్ని నమ్మకు బేటీ. కోర్టుల నిలబడ్డదంటే దొర దిక్కు తిరుగుతది. నీ నౌకరి నువ్వు చూసుకో. ఫికర్ చెయ్యకు."

మర్నాడు కైలాసం సార్ చావడి గుమ్మంలోకి వచ్చేసరికి ఆరో తరగతి వైపు పిల్లలందరూ లేచి నిలబడి ఉన్నారు. సక్కుబాయి చేతిలో పుస్తకం లేదు, సుద్దముక్క లేదు. తడిక వైపు ముఖం పెట్టి నిలబడింది.

"ప... ప... పనిష్‌మెంట్!" అన్నది. తెగిన చోట సిగ్గు పడకుండా ఆగి మరీ అన్నది.

"గవర్నమెంట్!" అన్నారు పిల్లలు, చూరు ఎగిరిపోయేలా.

కైలాసం సార్ గుమ్మంలోనే ఆగిపోయాడు. హుకుంలో ఉన్నది నజీరుద్దీన్ పేరు. సక్కుబాయి పేరు ఎక్కడా లేదు. అవతలివైపు నుంచి మాటలేమీ రాలేదు. బెత్తంతో బల్ల మీద తాళం వేస్తున్న చప్పుడు మాత్రం వచ్చింది. తాళం వేయరాదని కూడా హుకుంలో లేదు.

కైలాసం సార్ చెవులు మూసుకుని తన గదికి తిరిగి వెళ్లి కూర్చున్నాడు. ఎదురుగా విరిగిన కాలుతో కుర్చీ కనబడింది. కొత్త ఫర్నిచర్ కోసం రాయాలి అనుకున్నాడు. ఫర్నిచర్... లెక్చర్... పిక్చర్... చుట్టూ చూసి, ఎవరూ వినలేదని తేల్చుకుని, ఇంకొకటి వెతకడంలో పడ్డాడు.