యెస్లెమ్ పొగడని లోయ

ఎడారి పట్నం అతార్ సంతలో యెస్లెమ్ పేరెత్తితే చాలు, దుకాణదారు దహాన్ ఈ కథ చెప్తాడు. తెన్‌బారిత్ లోయను బాగు చేద్దామని వచ్చిన తెల్లామెను యెస్లెమ్ తరిమేశాడంట.

"చలికాలం, హాయిగా తిరిగే రోజులు! అట్టాంటప్పుడొచ్చిన మనిషితో 'ఇప్పుడేముంది చూడ్డానికి, జులైలో రా' అన్నాడంట. జులైలో! ఆవిడ టీ గ్లాసు కింద పెట్టేసి, మూడో గ్లాసన్నా తాగకుండా కారెక్కిందంట!" అంటాడు పంచదార పొట్లం కడుతూ. మూడో గ్లాసు తాగకుండా ఇల్లు దాటిన అతిథి ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలీదు. అందుకే అక్కడికొచ్చేసరికి విన్నవాళ్ళందరూ నాలుక కరుచుకుంటారు. దహాన్ ఆగి, వాళ్ళ మొహాలు తృప్తిగా చూసుకుని, పొట్లానికి దారం ముడేస్తాడు.

యెస్లెమ్‌కి ఉన్నది ఒకే ఒంటె. వచ్చిన యాత్రికులను దానిమీద ఎక్కించుకుని ఇసుక కొండ దాకా తీసుకెళ్ళి తెస్తాడు. అతని భార్య సల్కా ఖర్జూరం చెట్ల కింద మూడు గుడారాలు వేసి వచ్చినవాళ్ళకు బస ఇస్తుంది. సల్కాది పెద్ద గొంతు. ఆమె మేకను పిలిస్తే పక్క తోటలో మేకలు కూడా వస్తాయి. యెస్లెమ్ మాటకు ముందు చుట్టూ చూస్తాడు. తన సొంతమైన దేన్నయినా మెచ్చుకుంటే దానికి దిష్టి తగులుతుందని అతని భయం. ఊళ్ళో అందరికీ ఆ భయం కొంత ఉంది. పిల్లలు ఎంతమందని ఎవరూ ఎవరినీ అడగరు, బావిలో నీళ్ళు నిండుగా ఉన్నాయని ఎవరూ అనరు. యెస్లెమ్‌కి మాత్రం అది ఒళ్ళంతా పాకింది. ఒంటెను చూపించి "ఇదా? నడిచే పుండు" అంటాడు. మనవరాలు పుట్టినప్పుడు పొత్తిళ్ళలోకి తొంగి చూసి "కోతిపిల్ల" అన్నాడు. కూతురు కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఆనందంతో. తండ్రి నోట అంతకన్నా పెద్ద మాట ఆమె ఎన్నడూ వినలేదు.

పరదేశీలకు ఈ సంగతి తెలీదు. "చూడదగ్గవి ఏమున్నాయి?" అని వాళ్ళు అడిగితే యెస్లెమ్ "ఏమీ లేవు" అనేవాడు. వాళ్ళు నమ్మేసి పక్క లోయకు పోయేవారు. అక్కడ బూహ్ సత్రం ఉంది. బూహ్ దగ్గర ప్రతిదీ ప్రపంచంలోనే మొదటిది. అతని సూర్యాస్తమయం కూడా.

ఆ ఏడు చలి మొదలవగానే అతార్ నుంచి కబురొచ్చింది. యాత్రికుల గుంపులను నడిపించే ఒక పరదేశీ కంపెనీ మనిషి వస్తోంది. బూహ్ లోయా, తెన్‌బారిత్ లోయా రెండూ చూసి, ఒకదాన్ని ఎంచుకుంటుంది. ఏటా చలికాలమంతా గుంపులు అక్కడే దిగుతాయి.

సల్కా మొగుణ్ణి గుడారంలో కూర్చోబెట్టింది.

"విను. ఈ మనిషి మనల్ని కాదంటే, ఖర్జూరాలు కోయటం అయిపోగానే గుడారాలు విప్పేస్తా. నువాక్షోట్‌లో మా అక్క ఇంట్లో ఉందాం. గది కూడా ఖాళీ చేయమని చెప్పేశా."

"నువాక్షోట్‌లో ఒంటెను ఎక్కడ కడతాం?"

"కట్టక్కర్లా. అమ్మేద్దాం."

యెస్లెమ్ నువాక్షోట్ ఒక్కసారే చూశాడు. సముద్రం గాలికి మూడు రోజులు దగ్గి, లారీల చప్పుడుకు నిద్రపట్టక తిరిగొచ్చాడు. అతను "ఏం చేయమంటావ్?" అన్నాడు.

"పొగుడు."

అట్లా చదువు మొదలైంది. సల్కా ఒళ్ళంతా చుట్టుకున్న మెల్హఫా కొంగు తలమీద నుంచి వెనక్కి జార్చి, నడుమ్మీద చెయ్యేసుకుని నిలబడింది.

"నేను తెల్లామెను. యెస్లెమ్ గారూ, మీ లోయ ఎట్టా ఉంటుందండీ?"

"రాళ్ళుంటయ్."

"ఇంకా?"

"పెద్ద రాళ్ళు."

"అందంగా ఉంటుంది అను!"

యెస్లెమ్ గుడారం బయటకు ఒకసారి చూసొచ్చి, గొంతు తగ్గించాడు. "అందంగా ఉంటుందని... కొందరంటారు."

"ఎవరా కొందరు?"

"చూపు సరిగా లేనోళ్ళు."

సల్కా చేతికందిన తోలుదిండు విసిరింది. అయినా వదల్లేదు. వారం తిరిగేసరికి అతనికి మూడు మాటలు నోటికొచ్చాయి.

వచ్చినామె పేరు యిత్కా. ఎండకు కమిలిన ముక్కు, పెద్ద బూట్లు. అరబిక్ కైరోలో నేర్చుకుందట, టీవీ సీరియల్లో అత్తగారిలా మాట్లాడుతుంది. సల్కా రెండు గ్లాసుల టీ పోసి, మూడోది మరిగే లోపు ఒంటెమీద తిప్పి తెమ్మని మొగుడికి కన్ను గీటింది. యెస్లెమ్ లేచి, నేల చూస్తూ, పోలీసుల ముందు నేరం ఒప్పుకుంటున్నవాడిలా మొత్తం ఒక్క ఊపిరిలో అనేశాడు.

"మా లోయ అందమైంది. మా నీళ్ళు తియ్యన. మా ఒంటె మంచిది."

అలా అనగానే బావి దగ్గర చేద తాడు పుటుక్కున తెగింది. చేద నీళ్ళలో పడిన చప్పుడు అందరికీ వినిపించింది. యెస్లెమ్ మొహం పాలిపోయింది. సల్కా మాత్రం "పాత తాడులే, పొండి పొండి" అంది.

ఇసుక కొండ సగం ఎక్కాక ఒంటె కూర్చుంది. మీద యిత్కా ఉండగానే మోకాళ్ళు మడిచి, మెడ చాపి, ఇక ఇక్కడే కాపురం అన్నట్టు కూర్చుంది. యెస్లెమ్ తాడు లాగాడు, బతిమాలాడు. అది కళ్ళు మూసుకుంది. ఇక అతను ఆగలేకపోయాడు. అన్న మాటలన్నీ వెనక్కి తీసుకోవాలి, ఇంకేదైనా కూలకముందే.

"ఇది ఒంటె కాదమ్మా, నడిచే పుండు! ఆ నీళ్ళు ఉప్పన. ఆ కొండ ఎవరికీ పనికిరాదు. ఈ లోయంత దండగమారి లోయ ఎక్కడా లేదు!"

యిత్కా జీను పట్టుకుని అతన్నే చూసింది. "బూహ్ గారు వాళ్ళ లోయ స్వర్గం అన్నారు. మీరు ఇదంతా దండగ అంటున్నారు. మరి మీరు ఇక్కడ ఎందుకుంటున్నారు?"

అట్లాంటి ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. ఒంటె లేచేలా లేదు. చెప్పడానికి తీరిక ఉంది.

"ఇప్పుడు ఏమీ లేదమ్మా," అన్నాడు మెల్లగా. "ఇప్పుడొచ్చేవాళ్ళకు బుద్ధి లేదు. చలికాలం ఇక్కడ ఎవరుంటారు? గెత్నాకు, ఖర్జూరం కోతలకు రావాలి. జులైలో. ఖర్జూరం సగం పండి సగం పచ్చిగా, కొరికితే కరకరమంటది. నువాక్షోట్ నుంచి చుట్టాలందరూ దిగుతారు. ఎండకు ఎవరూ కదలరు. చెట్ల కింద పడుకుని, మేకపాలలో నీళ్ళు కలుపుకు తాగుతా, ఏడాది మొత్తం పోగేసిన తగాదాలన్నీ తీరిగ్గా పడతారు. సాయంత్రం ఆడవాళ్ళు డప్పు తీస్తారు. మా అత్తయ్య పళ్ళు లేకపోయినా పాడుద్ది. అప్పుడు..." అతను ఆగాడు. చుట్టూ చూశాడు. "అప్పుడు కూడా ఏం లేదనుకో. ఈగలుంటయ్."

వాళ్ళు దిగి వచ్చేసరికి గాలి లేచింది. కారు డ్రైవరు తొందరపెట్టాడు, ఇసుక కమ్మితే దారి కనపడదని. యిత్కా మరుగుతున్న టీ వైపు చూసి, సల్కా చేయి రెండు చేతుల్తో పట్టుకుని ఏదో అని, వెళ్ళిపోయింది.

"ఏం చెప్పావ్ దానికి?" అంది సల్కా.

"గెత్నాకు రమ్మన్నా."

"జులైలోనా? జులైలో బల్లులు కూడా బయటికి రావు కదయ్యా!"

నెల తిరక్కుండా బూహ్ లోయలో పరదేశీల బస్సులు దిగాయి. సల్కా అరిస్తే యెస్లెమ్‌కి భయముండేది కాదు. ఆమె ప్రయాణానికని దిండ్ల గలీబులు విప్పి ఉతకడం మొదలుపెట్టింది.

వసంతంలో ఒంటెను కొనడానికి హదమీన్ అనే బేరగాడు వచ్చాడు. "జంతువు ఎట్టాంటిది?" అని అడిగాడు.

అలవాటు కొద్దీ యెస్లెమ్ "నడిచే పుండు. బద్ధకపుది, కుంటిది, దొంగది" అన్నాడు.

హదమీన్ కళ్ళు మెరిశాయి. అతనూ ఆ నేల మీద పుట్టినవాడే. "ఇంతలా తిట్టావంటే రత్నమే! నేను తీసుకుంటా."

యెస్లెమ్ తాడు చేతికి చుట్టుకున్నాడు. ఒంటె అతని భుజం మీద గడ్డం ఆనించి నములుతోంది. అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "అబద్ధం చెప్పా," అన్నాడు. "ఇది చాలా మంచిది. దీని నడక చూస్తే కడుపు నిండుద్ది. ఈ అడ్రార్ సీమ మొత్తంలో ఇంత అందమైన కళ్ళు ఇంకే ఒంటెకూ లేవు. నా మాట చచ్చినా తోసేయదు."

హదమీన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఒంటె చుట్టూ తిరిగి పళ్ళు చూశాడు, గిట్టలు ఎత్తి చూశాడు. "సొంత జంతువును ఇట్టా పొగిడే మనిషిని నేను చూడలేదు. దీనికేదో పెద్ద రోగమే ఉంది" అని, చెప్పులు దులుపుకుని పోయాడు.

గుడారం లోపల నుంచి సల్కా అంతా విన్నది. ఉతికిన గలీబు నోట్లో కుక్కుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. ఆ తర్వాత బయటికొచ్చి, "ఇన్ని మాటలు లోపల పెట్టుకుని నాకు రాళ్ళు చూపించావా?" అంది. యెస్లెమ్ ఆ రోజంతా ఒంటెకు ఉప్పు దిష్టి తీస్తూనే ఉన్నాడు.

అయినా సల్కా అన్న మాట అన్న మాటే. గెత్నా అయిపోగానే వెళ్ళాలి. అక్క గది ఖాళీగానే ఉంది.

దహాన్ కథ తెల్లామె కారెక్కడంతోనే అయిపోతుంది. అందులో అబద్ధం పెద్దగా లేదు. తెల్లామె వెళ్ళిపోయింది నిజం, మూడో గ్లాసు మిగిలిపోయింది నిజం, జులైలో రమ్మన్నదీ నిజం. కానీ ఎండలు ముదరగానే దహాన్ కొట్టు మూసి, సముద్రపు గాలికి నువాధిబూలో అల్లుడి ఇంటికి పోతాడు. చలి మొదలయ్యాకే తిరిగొస్తాడు.

ఆ జులైలో, చుట్టాలనూ మేకలనూ బియ్యం బస్తాలనూ మోసుకొచ్చిన పికప్ వెనక నుంచి యిత్కా దిగింది. వెంట ఆమె అక్క, ఇద్దరు స్నేహితురాళ్ళు ఉన్నారు. నలుగురూ మెల్హఫాలు తప్పుగా చుట్టుకుని కాళ్ళకు అడ్డం పడుతున్నారు. కంపెనీ పని మీద రాలేదు, సెలవు పెట్టుకుని వచ్చారు. చివరి గెల కోసేదాకా ఉన్నారు. తర్వాతి జులైలో ఇంకొంతమందితో వచ్చారు.

ఈ ఏడు సల్కా నాలుగో గుడారం కుట్టించింది.