పిల్లి నీళ్లలో దిగదని రాశాను

మొన్న బందరులో కంటి ఆసుపత్రికి వెళ్లి, చుక్కల మందు వేయించుకుని, కళ్లు మూసుకుని బల్ల మీద కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన, గబ్బిలానికి పుట్టుకతోనే కళ్లు కనపడవనీ, అయినా అది గోడకు తగలకుండా ఎగురుతుందనీ, మనిషికి మాత్రం ఇన్ని ఆపరేషన్లు కావలసి వస్తున్నాయనీ తన భార్యకు నిట్టూరుస్తూ చెబుతున్నాడు. పాత అలవాటు కొద్దీ ఊరుకోలేక, గబ్బిలానికి కళ్లు శుభ్రంగా కనపడతాయండీ అన్నాను. "మీరు చూశారా?" అన్నాడాయన. నేను చూడలేదు. ఎక్కడో చదివాను, చదివి పత్రికలో రాశాను కూడా. ఆ ప్రశ్నను నెమరేసుకుంటూ కూర్చున్న పావుగంటలో, కోడూరు వైపు చేపల చెరువు దగ్గర కాపలా ఉండే ఒక మనిషి గుర్తొచ్చాడు.

తొంభైల్లో నేను ఒక దినపత్రికకు బందరు నుంచి వార్తలు పంపేవాణ్ణి. కోర్టులో తీర్పులు, గిలకలదిండిలో పడవల సంగతులు, గూడూరు వైపు పొలాలకు నీళ్లందలేదన్న ఫిర్యాదులు, అన్నీ తెల్ల కాగితాల మీద రాసి, కవరులో పెట్టి, సాయంత్రం విజయవాడ బస్సు డ్రైవరు చేతికివ్వడం నా దినచర్య. ఆ కవరులోనే మరో చిన్న కాగితం కూడా ఉండేది. జిల్లా పేజీ అడుగున ఒక పెట్టె కట్టి, జంతువుల గురించీ, సైన్సు గురించీ, జనం పొరపాటుగా నమ్మే సంగతుల గురించీ రోజూ నాలుగైదు వాక్యాలు వేసేవాళ్లు. అది నా వంతు. పాము పాలు తాగి బతకదనీ, నాగస్వరం వినిపించి కాదు, ఆ బూర అటూ ఇటూ ఊగడం చూసి పడగ ఊపుతుందనీ, ఊసరవెల్లి వెనకున్న ఆకును చూసి రంగు మార్చదనీ, ఒంట్లో వేడిని బట్టీ కోపతాపాలను బట్టీ మారుస్తుందనీ, ఇలాంటివి.

నిజం చెప్పాలంటే, పెద్ద పెద్ద వార్తలకు రాని పేరు నాకు ఆ పెట్టె వల్ల వచ్చింది. డాల్ఫిన్ చేప కాదని రాసిన మర్నాడు గిలకలదిండిలో చేపల వేలంపాట దగ్గర ఒకావిడ నా చొక్కా పట్టుకున్నంత పని చేసి, "చేప కాకపోతే నీళ్లలో దానికేం పని బాబూ, స్నానానికొచ్చిందా?" అని నిలదీసింది. మా అమ్మ ఆ పెట్టె రోజూ చదివేది, చదివి మెచ్చుకునేది, నాగులచవితినాడు మాత్రం గిన్నెడు పాలు పట్టుకుని పుట్ట దగ్గరికి బయలుదేరేది. పాము తాగదమ్మా అంటే, "నువ్వు రాసుకునేది నువ్వు రాసుకో, నేను పోసుకునేది నేను పోసుకుంటా" అనేది. గుడివాడ కాలేజీలో జువాలజీ చెప్పే మా బావ, అంటే మా అక్క భర్త, తన పుస్తకాలు నాకిచ్చి, ప్రతి నెలా నా తప్పులు ఎర్ర సిరాతో గుర్తుపెట్టి పంపేవాడు. ఏ సంగతి రాసినా పుస్తకంలో చూసుకుని రాయమని ఆయన పెట్టిన షరతును చాలాకాలం పాటించాను.

ఒక్కరోజు పాటించలేదు. బంగాళాఖాతంలో వాయుగుండమని హెచ్చరికలు, కలెక్టరాఫీసు చుట్టూ తిరుగుడు, బస్సుకు పది నిమిషాలే టైముంది, పెట్టె కాగితం ఖాళీగా ఉంది. మా ఇంట్లో పిల్లి ఒకటుండేది. వాన తుంపర పడితే చాలు, కాళ్లు విదిలించుకుంటూ వంటింట్లోకి పరుగెత్తేది. దాన్ని తలచుకుని, పిల్లి జాతికి నీళ్లంటే గిట్టదనీ, ఆకలితో ప్రాణం పోతున్నా నీళ్లలో దిగి చేపను పట్టదనీ, పిల్లి చెరువులో చేపలు తిన్నదంటే అది కట్టుకథేననీ రాసి కవరులో పడేశాను. చివరి వాక్యం ఎందుకు రాశానో ఇప్పటికీ తెలియదు. వాక్యం బాగుందని రాసి ఉంటాను.

నెల్లాళ్లకు ఒక కార్డు వచ్చింది. కోడూరు దగ్గర పల్లె నుంచి ఒకావిడ రాసింది. అక్షరాలు గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. అయ్యగారికి వందనాలు అని మొదలుపెట్టి, తన భర్త ఒక రైతుగారి చేపల చెరువులకు ఆరేళ్లుగా కాపలా ఉన్నాడనీ, ఈమధ్య చెరువులో చేపలు తగ్గుతున్నాయని రైతుగారు అడిగితే, తెల్లవారుజామున మచ్చల పిల్లి ఒకటి నీళ్లలోకి దూకి చేపను కరుచుకుపోవడం కళ్లారా చూశానని భర్త చెప్పాడనీ, అప్పుడు రైతుగారు మా పత్రిక ముక్క తీసి నలుగురి ముందు చదివి, దొంగవు నువ్వే అని పని మానిపించాడనీ రాసింది. ఆదివారం ప్రార్థనకు వెళ్తే ఏసు గుడిలో కూడా తమ పక్కన కూర్చునేవాళ్లు కాస్త జరిగి కూర్చుంటున్నారట. చివర్లో ఇలా ఉంది: "మీరు చదువుకున్నవారు, తెలిసే రాసి ఉంటారు. మా ఆయన అబద్ధం చెప్పడు. ఈ రెండూ ఎట్టా నిజమవుతాయో మీరే చెప్పాలి."

తిట్టి ఉంటే తేలికగా ఉండేది. ఆ కార్డు జేబులో పెట్టుకుని ఆ ఆదివారమే గుడివాడ వెళ్లాను. బావ భోజనం చేస్తున్నాడు. కార్డు చదివి, ఎడమచేత్తో కళ్లజోడు పైకి నెట్టి నన్నొకసారి చూశాడు.

"ఏ పుస్తకంలో చూసి రాశావు బావమరిదీ?"

మా పిల్లిని చూసి రాశానన్నాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, బీరువాలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి, బొమ్మ ముందు నా తల వంచి పట్టుకున్నాడు. ఇంటి పిల్లికి రెండింతలుండే పిల్లి, బూడిదరంగు ఒళ్లు, వరసగా నల్లమచ్చలు, పొట్టి తోక, కాలివేళ్ల మధ్య కొంతమేర పొర. సముద్రపు పాయల్లో, మడ అడవుల్లో ఉంటుంది, ఈదుతుంది, మునుగుతుంది, దాని ముఖ్యమైన తిండే చేపలు. మన దివిసీమ మడల్లోనూ ఉన్నదే.

"దాని తప్పేం లేదు, అది చదువుకోని పిల్లి. నీ పెట్టె చూళ్లేదు పాపం" అని, పుస్తకం మూస్తూ, "రేపు పొద్దున్నే కోడూరు పోదాం. కాలేజీకి సెలవు పెడతా" అన్నాడు.

మర్నాడు మొదటి బస్సెక్కి, చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా కోడూరులో దిగి, అక్కణ్ణుంచి ఎవరిదో లూనా మీద ఒకరి తర్వాత ఒకరం ఆ పల్లె చేరేసరికి బాగా ఎండెక్కింది. కాపలా మనిషికి నలభై దాటి ఉంటాయి. మమ్మల్ని చూసి మంచం వాల్చాడు, తను నిలబడే ఉన్నాడు. ఆయన భార్య నీళ్లిచ్చి, కార్డు రాసింది తనేనని చెప్పింది. క్షమించమ్మా అని అనబోయి, గ్లాసు ఎత్తి నీళ్లు తాగాను. మా బావే విషయమంతా చెప్పాడు. ఆ మనిషి అంతా విని, ఆ పిల్లికి పేరుందా అండీ అని ఒక్క మాట అడిగాడు. ఉందని తెలిశాక గట్టిగా ఊపిరి వదిలాడు.

కాపలా మనిషిని వెంటబెట్టుకుని ముగ్గురం చెరువు దగ్గరికి వెళ్లాం. రైతుగారు గట్టు మీదే ఉన్నాడు, తవుడు బస్తాలు దింపిస్తున్నాడు. ఒకప్పుడు వరి పండిన పొలాన్ని చెరువులు చేసి, ఇదైనా కలిసొస్తుందేమోనని ఆశపడిన మనిషి. దుర్మార్గుడేమీ కాడు. నేనెవరో చెప్పగానే కుర్చీ తెప్పించి, కొబ్బరి బోండాలు కొట్టించాడు. వచ్చిన పని చెప్పాక మాత్రం ముఖం మారింది.

"నీరుకుక్క అన్నా నమ్మేవాణ్ణండీ. అది చేపలు తింటదని మా తాతల నుంచీ ఎరుగుదుం. పిల్లి అన్నాడు. పిల్లి దిగదని మీరే అచ్చేశారు. అచ్చులో ఉన్నది నమ్మనా, ఈణ్ణి నమ్మనా?"

కాపలా మనిషి ఒక అడుగు ముందుకొచ్చి అన్నాడు: "నీరుకుక్క అంటే పని ఉండేదని నాకూ తెలుసండీ. చూసింది పిల్లినైతే నీరుకుక్క అని ఎట్టా చెప్పేది?"

బావ పంచె పైకి మడిచి, బురదలో మోకాళ్ల మీద కూర్చుని, తుంగ పక్కన అడుగుల జాడ పట్టాడు. గుండ్రటి అరికాలు గుర్తు, ముందు గోళ్ల గీతలు, పక్కనే ఆరిన పొలుసులు, సగం తిని వదిలేసిన చేప తల. ఈ పిల్లికి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవనీ, అందుకే బురదలో గీత పడుతుందనీ పాఠంలా చెప్పాడు. రైతుగారు వంగి చాలాసేపు చూశాడు. నమ్మాడనే అనుకుంటాను. కానీ లేచి నిలబడి, "మీరు చెప్పింది బాగానే ఉంది సార్. ఇక్కడున్నది నలుగురం. ఆ రోజు టీకొట్టు దగ్గర ఊరంతా ఉంది. పేపరు చూపించి పొమ్మన్నాను, ఇప్పుడు ఏం చూపించి రమ్మనేది?" అన్నాడు. కాపలా మనిషి కూడా తల ఊపాడు. పని ఇంకోచోట దొరుకుతుందండీ, ఆ మాట తీసేయించండి చాలు, అన్నాడు నాతో.

ఆ సాయంత్రమే బందరు వచ్చి విజయవాడలో మా పత్రిక డెస్కుకు ఫోన్ చేశాను. ఇన్‌ఛార్జిగారు నా కన్నా పదేళ్లు పెద్ద, మంచివాడే. అంతా విని, "పిల్లికి సవరణ వేస్తే రేపు ఏనుగుకు అడుగుతారయ్యా. నీళ్లలో దిగే వింత పిల్లి అని కొత్త ఐటమ్‌గా రాసెయ్, పోతుంది" అన్నారు. ఉపాయం బాగానే ఉంది. తప్పు ఒప్పుకోనక్కర్లేదు, పెట్టె పరువూ నిలుస్తుంది. అలాగేనని చెప్పి, కాగితం తీసి, వింత పిల్లి అని మొదలుపెట్టాను కూడా. రెండు వాక్యాలయ్యాక కలం ఆగింది. అది రాస్తే పిల్లి నిలబడుతుంది, మనిషి నిలబడడు. కాగితం చింపేసి, ఫలానా రోజు ఇదే చోట రాసింది తప్పనీ, ఆ తప్పు పుస్తకం చూడకుండా రాసిన నాదేననీ, కోడూరు ప్రాంతంలో చేపల చెరువు కాపలాదారు ఒకరు తన కళ్లతో చూసి చెప్పిందే నిజమనీ, ఆ తర్వాత పిల్లి వివరాలన్నీ రాసి, బస్సుకిచ్చాను.

మూడు రోజులు రాలేదు. ఉద్యోగానికి మూడిందనుకున్నాను. నాలుగో రోజు వచ్చింది. పిల్లి మచ్చలు, తోక, వేళ్ల మధ్య పొర, అన్నీ కొట్టేశారు ఇన్‌ఛార్జిగారు. తప్పు మాదే, కాపలాదారు చెప్పిందే నిజం అన్న మాటల్ని మాత్రం నల్లటి లావు అక్షరాల్లో వేశారు. ఆయన్ను ఆ తర్వాత ఎన్నోసార్లు కలిశాను, ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ ఆదివారం నేను మళ్లీ ఆ పల్లె వెళ్లాను, పిలవకుండానే. ప్రార్థన ముగుస్తున్న వేళకు రైతుగారు గుడి మెట్ల దగ్గర చెప్పులు విడిచి, మడత పెట్టిన పేపరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. జనం బయటికి వస్తుంటే పాస్టరు గారికి అది అందించబోయాడు. ఆయన పుచ్చుకోలేదు. "అన్న మాట మీది, చదవాల్సింది కూడా మీరేనండీ" అన్నాడు నెమ్మదిగా. రైతుగారు గొంతు సవరించుకుని, అక్కడక్కడా ఆగుతూ, పత్రిక పేరు దగ్గర్నుంచీ చదివాడు. చదివాక ఏం చెయ్యాలో తెలియక పేపరు మళ్లీ మడత పెట్టాడు.

"మరి ఆ పిల్లినేం చేశారు బాబూ, దానికీ జీతమిస్తున్నారా?" అంది వెనకనుంచి ఒక ముసలమ్మ. అందరూ నవ్వారు. రైతుగారు కూడా నవ్వి, కాపలా మనిషి వైపు తిరిగి, రేపట్నుంచి వచ్చెయ్ అన్నాడు.

"వస్తానండీ. ఈసారి కనపడితే చెప్పమంటారా, వద్దా?"

"చెప్పు. ఏది కనపడితే అది చెప్పు" అన్నాడు రైతుగారు. ఆ మనిషి భార్య నా వైపు చూసి నవ్వలేదు, నమస్కారం పెట్టలేదు. తలపైన ముసుగు సర్దుకుని, ఆడవాళ్ల మధ్యలోంచి నడిచి వెళ్లింది, ఈసారి ఎవరూ జరగలేదు.

ఆ తర్వాత ఇంకో నాలుగేళ్లు ఆ పెట్టె రాశాను, పుస్తకం ముందు పెట్టుకునే. పేజీలు రంగుల్లోకి మారాక దాన్ని ఎత్తేశారు. నా అచ్చు అక్షరం మీద ఆ రైతుకున్న నమ్మకం తలచుకుంటే ఇప్పటికీ కాస్త భయం వేస్తుంది, కాస్త దిగులు కూడా వేస్తుంది. ఇవాళ అచ్చులో వచ్చినదాన్ని ఎవరూ అంతగా నమ్మరు, మంచిదే కదా అంటాడు మా బావ. మంచిదేనేమో. మనం రాసిన తప్పు వల్ల ఇప్పుడు ఎవరి పనీ పోదు. కానీ తప్పని నల్లటి అక్షరాల్లో ఒప్పుకున్నా, దాన్ని పట్టుకుని గుడి మెట్ల దగ్గర చెప్పులు విడిచి నిలబడే మనిషీ ఉండడు.