హార్మోని కాకాకు సన్మానం

దుబాయ్‌లోని సోనాపూర్ లేబర్ క్యాంపులో మా గదిలో ఉండే ఒక పెద్దాయన్ని అందరం ‘హార్మోని కాకా’ అనేవాళ్లం. మా కరీంనగర్ వైపు పల్లెల్లో ఏళ్ల తరబడి భాగోతాలకు హార్మోనియం వాయించిన మనిషి. ఆయన పెట్టె ముందు కూర్చుంటున్నాడంటే పక్క ఊళ్ల జనం బండ్లు కట్టుకుని వచ్చేవారట. టీవీలు వచ్చాక భాగోతాలు ఆగిపోయాయి. తల నెరిశాక దుబాయ్ వచ్చి, ఇనుప చువ్వలకు తీగ చుట్టే పనిలో చేరాడు. సైటుకు వెళ్లే బస్సులో కళ్లు మూసుకుని, మోకాలి మీద వేళ్లు ఆడిస్తూ కూనిరాగం తీసేవాడు.

2006లో ఆయన పని మానేసి ఇంటికి వెళ్లిపోతున్నాడని తెలిసి, ఒక శుక్రవారం క్యాంపులోనే సన్మానం పెట్టాం. హైదరాబాదీ డ్రైవరు ఒకాయన బనియాస్‌లోని తన గది నుంచి హార్మోనియం తెచ్చాడు. శాలువా కప్పగానే “వాయించు కాకా!” అని అందరూ అరిచారు.

ఆయన ఎడమ చేత్తో గాలి కొట్టాడు. కుడిచేతి వేళ్లు మాత్రం వంగలేదు. తీగ చుట్టీ చుట్టీ బిగుసుకుపోయాయి. ఒక మెట్టు నొక్కబోతే పక్కవి కూడా మోగాయి. మళ్లీ ప్రయత్నించాడు. చప్పట్లు ఆగిపోయాయి.

డ్రైవరు వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు.

“ఆప్ గాయియే చాచా, మై బజాతా,” అన్నాడు.

కాకా పాడాడు. మెట్ల మీద డ్రైవరు వేళ్లు నడిచాయి. గాలి మాత్రం చివరిదాకా కాకాయే కొట్టాడు.

పాట అయ్యాక ఆయన ఎవరి వైపూ చూడలేదు. నా చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు:

“ఊర్ల ఎవలన్న అడిగితే, మంచిగనే వాయించిండని చెప్పు బిడ్డా.”