దిమ్మె ఎక్కని కారు

మా నాయన కారు నీలం పొగ వదలడం మొదలుపెట్టగానే మా బావ పూతలపట్టులో తన హోటలు ముందు సిమెంటు దిమ్మె కట్టించాడు. దాని మీద కారును నిలబెడితే, తిరుపతికి పోయే జనం ఆగి ఫొటోలు దిగుతారని ఆయన ఆశ.

"ఇంజన్లో రింగులు పోయినాయి బామ్మర్దీ. పొలాలు పోయినాయి, మిద్దె పోయింది, ఇంగ ఈ పొగబండితో ఏం జేస్తావు? నాకియ్యి," అన్నాడు.

పొలాలూ మిద్దే పోయిన మాట నిజమే. అంతమాత్రాన మా కారు ఇడ్లీలు తినేవాళ్లకు బొమ్మ కావాలా?

"పిస్టన్ రింగులు అరిగుంటే నువ్వే తీసకపో బావా. లేకుంటే ఆ మాట మళ్లా ఎత్తొద్దు."

రింగులు అరిగాయో లేదో తేల్చే పరీక్ష పరాయివాళ్లకు అప్పగించే అలవాటు మా ఇంట్లో లేదు. నాయన నేర్పిన పని. ఇంజను వేడెక్కాక కాయిల్ వైరు ఊడదీసి, ప్లగ్గులన్నీ విప్పాను. ఒక్కో రంధ్రంలో లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజీ బిగించి, యాక్సిలరేటరు అదిమిపట్టి స్టార్టరు తిప్పమని బావను లోపల కూర్చోబెట్టాను. నాలుగు సిలిండర్లలోనూ ముల్లు ఉండవలసిన ఎత్తులోనే నిలిచింది.

"ఆయిలు పోసి సూడు. అప్పుడు గదా బండారం బయటపడేది!"

ఆ సంగతి ఆయనకూ తెలుసు. రింగులు అరిగి ఉంటే, పైనుంచి పోసిన చెంచాడు ఆయిలు సందులను మూసి ముల్లును బాగా పైకి లేపుతుంది. పోశాను. చెప్పుకోదగ్గంత లేవలేదు.

"మరి పొగ యాణ్ణించి వస్తాండాది?"

ఆయిలు కొలిచే కడ్డీ బయటికి లాగాను. ఆయిలు దాటకూడని పైగీత ఎక్కడో కింద మునిగి ఉంది. శుక్రవారం దీపంలో నూనె పోశాక ఇంజనులోనూ కాస్త ఆయిలు పోయడం మా ఇంటి ఆచారం. నాయన రోజూ ఊళ్లు తిరిగేవాడు కాబట్టి ఇంజను తాగేది. నేను ఆచారం నిలిపాను, తిరుగుడు తగ్గింది. ఎక్కువైన ఆయిలు పిస్టన్ల మీదికి చిమ్మి కాలుతోంది, అంతే.

"దేవుడికి పోసినట్టు పోస్తే బండి ధూపమెయ్యదా అబ్బా!" అని బావ పగలబడి నవ్వాడు.

ఎక్కువైన ఆయిలు దించి, ప్లగ్గులు తుడిచి బిగించి, కాయిల్ వైరు మళ్లీ తగిలించాను. బావను ఎక్కించుకుని బయలుదేరితే, మొదట కాస్త పొగ వచ్చినా పూతలపట్టు చేరేలోపల పూర్తిగా పోయింది. ఖాళీ దిమ్మె పక్కన కారు నిలిపాను.

"ఒక్క ఫొటో అన్నా తీసుకోనీ బామ్మర్దీ," అంటూ బావ దిగాడు.

"తీసుకో బావా. ఇంజను మాత్రం ఆపను."