ఎడారి ఊళ్లో నా దుబాసీ పని

రేగొండ దగ్గరి తండా నుంచి నలుగురు ఆడవాళ్లను రాజస్థాన్ సరిహద్దులోని ఒక ఎడారి ఊరికి తీసుకెళ్లినప్పుడు నేను వాళ్ల దుబాసీని. ప్రజల కళలను ఆదుకుంటామంటూ హైదరాబాద్‌లో సంస్థ పెట్టుకున్నవాళ్లు నన్ను ఆ పనికి కుదుర్చుకున్నారు. నాకు తెలుగు, హిందీ వచ్చు. తండా మాట ఒక్క ముక్క రాదు. వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు.

మాకు పెద్ద దిక్కు సంస్థ నడిపే మేడమ్. లంబాడీల పూర్వీకులు అటునుంచే వచ్చారట, అందుకని వీళ్లు పుట్టింటికి వెళ్తున్నట్టేనట. రైల్లో రెండు రోజులూ అదే పాట. నలుగురిలో పెద్దదైన అవ్వ నావైపు తిరిగి, "నా పుట్టిల్లు ఘనపూర్ కాడ బిడ్డా. మీ మేడమ్‌కు జర చెప్పు," అంది. నేను చెప్పలేదు.

ఊరు చేరగానే మేడమ్ సంచి విప్పి ప్లాస్టిక్ అద్దాలు అంటించిన కొత్త లంగాలు తీసింది. అవ్వ కట్టుకున్నది వెలిసిపోయిందట, ఫోటోలో పడదట.

"గిది నా చేత్తోని కుట్టుకున్న. గా సంచిలది ఎవలు కుట్టిన్రు?" అంది అవ్వ.

మేడమ్‌కు ఆ యాస అందలేదు. ఏమంటోందని నన్ను అడిగింది. చాలా సంతోషంగా ఉందంటోందని చెప్పాను. నా కొలువు అట్లాంటిది.

అక్కడి కుట్టుపని ఆడవాళ్లతో వీళ్లను కలిపే సభ పెట్టారు, ముఖ్య అతిథి ఎంతకీ రాలేదు. అందరినీ షామియానా కింద కూర్చోబెట్టారు. అవ్వ మాత్రం లేచి వెనక్కి వెళ్లింది. అక్కడ ఆమె ఈడుదే ఒక ఎడారి ఊరి ఆవిడ గుడ్డ కుడుతూ కూర్చుంది. ఇద్దరూ ఒకరి అంచు ఒకరు తిప్పి చూసుకుంటున్నారు. నేను పరుగున వెళ్లాను.

"నువ్వు కూసో. మాకు సమజైతాంది," అంది అవ్వ.

నిజంగానే అయింది. కొన్ని మాటలు కలిశాయి, కలవనిచోట సూది చూపించుకున్నారు. ఆవిడ నేర్పిన కుట్టును అవ్వ మూడుసార్లు విప్పి, నాలుగోసారి సరిగ్గా వేసింది. మా సంస్థ పెట్టిన ఖర్చుకు ఫలితమంటూ ఉంటే ఆ గంటే. దాంట్లో మా చెయ్యి ఏమీ లేదు.

ఇంతలో అతిథీ, కెమెరా మనిషీ వచ్చారు. మేడమ్ చప్పట్లు కొట్టి, "అద్భుతం. ఇప్పుడే మొదటిసారి కలిసినట్టు ఎదురొచ్చి కౌగిలించుకోమనండి," అంది.

అవ్వ తలెత్తలేదు. "కలిసినం గద. మల్లెట్ల కలుస్తం?"

ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. మేడమ్ మొహం మాడ్చుకుని, తన వెంట వచ్చిన ఇద్దరు పట్నం అమ్మాయిలకు, సంచిలోనే ఉండిపోయిన ఆ లంగాలు తొడిగించి కౌగిలింత తీయించింది. ఆ ప్రయాణం మీద సంస్థ అచ్చేసిన నివేదిక అట్ట మీద ఆ బొమ్మే వేశారు. దాని కింద శతాబ్దాల ఎడబాటు తీరిందని రాయమన్నారు. రాశాను. ఆ తర్వాత వాళ్ల దగ్గర పని మానేశాను గానీ, రాసింది నేనే.

వానలు పడ్డాక నివేదిక పట్టుకుని తండాకు వెళ్లాను. అవ్వ వాకిట్లో ముగ్గురికి ఆ ఎడారి కుట్టు నేర్పుతోంది. అట్ట మీది బొమ్మ చూసి, "ఈ పోరిలెవలు?" అని అడిగింది.

"మేడమ్ మనుషులు."

"మంచిగున్నరు," అని, ఆ దళసరి అట్టకు చేతిలోని సూదులు వరసగా గుచ్చి పెట్టుకుంది.